మూడో మైకు ఏమైంది?



పోయిన ఎపిసోడ్‌లో సీడీ పుట్టుక గురించి మాట్లాడుకున్నాం. చివర్లో సూపర్ ఆడియో సీడీ అనే పేరు ఒకసారి దొర్లింది, దాని గురించి విడిగా చెప్తానని మాటిచ్చాను. ఇవాళ అదే సంగతి. అయితే ముందు ఒక్క డిస్కు గురించి చెప్పి, అక్కణ్ణించి వెనక్కి వెళ్తాను. ఎందుకంటే ఈ చరిత్ర నాకు పుస్తకాలు చదివి తెలియలేదు. నేను చేసిన ఒక తెలివితక్కువ పని వల్ల తెలిసింది.

ఆ డిస్కు బార్తోక్ రాసిన 'కన్సర్టో ఫర్ ఆర్కెస్ట్రా'. చికాగో సింఫనీ ఆర్కెస్ట్రా వాయించింది, కండక్టర్ ఫ్రిట్జ్ రైనర్. ఆర్‌సీఏ కంపెనీ వాళ్ళు 1955 అక్టోబర్‌లో చికాగో ఆర్కెస్ట్రా హాల్లో రికార్డు చేశారు. ఈ రైనర్‌కీ ఈ సంగీతానికీ ఉన్న సంబంధం మామూలుది కాదు. ఆయన బుడాపెస్ట్‌లో బార్తోక్ దగ్గర పియానో నేర్చుకున్నవాడు. 1943లో బార్తోక్ న్యూయార్క్‌లో జబ్బుపడి, చేతిలో డబ్బు లేక ఇబ్బందిపడుతున్నప్పుడు, ఈ రైనర్, వయొలిన్ విద్వాంసుడు జోసెఫ్ సిగెటి ఇద్దరూ కలిసి బోస్టన్ కండక్టర్ కూసెవిట్‌స్కీకి చెప్పి, ఆయన చేత ఒక కొత్త రచనకి డబ్బు ఇప్పించారు. ఊరికే సాయమంటే పుచ్చుకునే మనిషి కాదు బార్తోక్. అలా వచ్చిందే ఈ రచన. 1944 డిసెంబర్‌లో బోస్టన్‌లో మొదటిసారి వాయించారు, 1945 సెప్టెంబర్‌లో బార్తోక్ పోయాడు. ఆ తర్వాత పదేళ్ళకి రైనర్ చేసిన రికార్డింగ్ ఇది.

ఈ రికార్డింగ్‌ని ఎస్ఏసీడీగా కొని నాలుగేళ్ళు విన్నానండి. రెండు స్పీకర్ల మీద. బాగానే ఉంది, చాలా బాగుంది, 1955 నాటిదంటే నమ్మబుద్ధి కాదు అని వచ్చినవాళ్ళందరికీ వినిపించి మురిసిపోయాను కూడా. ఒకరోజు కరెంటు పోయి, చేసే పనేం లేక, డబ్బాలోని చిన్న పుస్తకం చదువుతుంటే అందులో ఉంది: ఈ టేపు మీద ఉన్నవి మూడు ట్రాకులు. ఎడమ, మధ్య, కుడి. ఆ మూడూ విడివిడిగా ఈ డిస్కులో ఉన్నాయి. నా ప్లేయర్ వెనకాల ఆరు సాకెట్లుంటే నేను రెండిటికే వైర్లు తగిలించి నాలుగేళ్ళు కూర్చున్నా.

మా బావమరిది ఇంట్లో సినిమాల కోసం పెట్టుకున్న సెట్టు ఉంది. వాళ్ళ యాంప్లిఫయరూ, మధ్య స్పీకరూ ఆదివారం ఒక్కపూటకని అడిగి తెచ్చుకున్నాను. రెండింటి మధ్యలో మూడోది పెట్టి రెండో భాగం వేశాను. ఆ భాగం చిన్న డ్రమ్ముతో మొదలవుతుంది. తర్వాత వాద్యాలు జంటలు జంటలుగా వస్తాయి: ముందు రెండు బాసూన్లు, తర్వాత రెండు ఓబోలు, రెండు క్లారినెట్లు, రెండు ఫ్లూట్లు, చివర్లో నోరు మూసిన రెండు ట్రంపెట్లు. పెళ్ళిలో దంపతులు వరసగా పీటల మీదికి వస్తున్నట్టు ఉంటుంది. అప్పటిదాకా నా గదిలో ఆ బాసూన్లు మధ్యలో ఉన్నట్టు అనిపించేవి, కాని నేను కుర్చీలో కొంచెం పక్కకి జరిగితే అవి కూడా నాతో పాటు జరిగేవి. రెండు స్పీకర్ల మధ్య కనిపించే ఆ బొమ్మ మన చెవులు కల్పించుకునేది కదా, దగ్గరున్న స్పీకర్ వైపు వాలిపోతుంది. మూడో స్పీకరు పెట్టాక నేను లేచి కిటికీ దాకా నడిచినా బాసూన్లు వాటి కుర్చీల్లోనే కూర్చున్నాయి. శబ్దం మరీ గొప్పగా మారిపోయిందని చెప్పను. మనుషులు కుదురుగా కూర్చున్నారు, అంతే. మరి యాభై ఏళ్ళపాటు ఈ మూడో ట్రాకు ఎక్కడుంది?

దానికి ఇంకా వెనక్కి వెళ్ళాలి.

1933 ఏప్రిల్ 27న అమెరికాలో ఒక వింత కచేరీ జరిగింది. ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రా ఫిలడెల్ఫియాలోనే వాయించింది. శ్రోతలు వాషింగ్టన్‌లో, కాన్‌స్టిట్యూషన్ హాల్లో కూర్చున్నారు. వేదిక మీద మనుషులెవరూ లేరు. మధ్యలో టెలిఫోన్ తీగలు. బెల్ ల్యాబ్స్ వాళ్ళు, హార్వీ ఫ్లెచర్ ఆధ్వర్యంలో, ఆర్కెస్ట్రా ముందు మూడు మైకులు పెట్టి, మూడు లైన్ల మీద పంపి, అక్కడ మూడు లౌడ్ స్పీకర్ల ద్వారా వినిపించారు. ఆ ఆర్కెస్ట్రా అసలు కండక్టర్ లియోపోల్డ్ స్టొకోవ్‌స్కీ ఆరోజు వాయించేవాళ్ళ ముందు లేడు. ఆ పని అలెగ్జాండర్ స్మాలెన్స్‌కి అప్పగించి, తను వాషింగ్టన్‌లో మీటల ముందు కూర్చుని శబ్దం పెంచడం తగ్గించడం చేశాడు. ఆ ఇంజనీర్ల లెక్కలో పెద్ద హాలుకి, అటూ ఇటూ కూర్చున్న జనానికి, మూడు కనీసం కావాలి. రెండైతే మధ్యలో గుంట పడుతుంది.

న్యాయంగా చెప్పాలంటే, అంతకు రెండేళ్ళ ముందే, 1931లో, ఇంగ్లండులో ఇ.ఎమ్.ఐ. ఇంజనీర్ అలన్ బ్లమ్‌లీన్ రెండు చానెళ్ళతోనే స్టీరియో పద్ధతికి పేటెంట్ దరఖాస్తు పెట్టాడు. ఒకే చోట, ఒకదానికొకటి అడ్డంగా పెట్టిన రెండు మైకులు ఆయన పద్ధతి. ఇది పాతబడిపోయిన పద్ధతి కూడా కాదు. మన విశ్వమోహన్ భట్ గారి మోహనవీణ, రై కూడర్ గిటారు కలిసిన 'ఎ మీటింగ్ బై ద రివర్' విన్నారా? 1992లో కాలిఫోర్నియా శాంటా బార్బరాలో ఒక చర్చి ప్రార్థనా మందిరంలో కవిచంద్రన్ అలెగ్జాండర్ రికార్డు చేసింది అలాంటి జంట మైకులతోనే. దానికి గ్రామీ వచ్చింది, తర్వాత అది ఎస్ఏసీడీగా కూడా వచ్చింది. కాబట్టి రెండు తప్పు, మూడు ఒప్పు అని కాదు నేను చెప్పేది.

సరే, 1954కి వద్దాం. ఆ ఏడాది మార్చిలో ఆర్‌సీఏ వాళ్ళు చికాగోలో రైనర్‌తో స్టీరియో రికార్డింగ్ మొదలుపెట్టారు. మొదటి ప్రయత్నాలు రెండు ట్రాకులే. రిచర్డ్ స్ట్రాస్ 'జరతుస్త్ర' అలా రికార్డయిందే. త్వరలోనే మూడు ట్రాకుల టేపు యంత్రాలకి మారారు. మధ్య ట్రాకుతో వాళ్ళకో సౌకర్యం ఉంది. సోలో వాయించేవాళ్ళ శబ్దం, ఊదే వాద్యాల శబ్దం రికార్డింగ్ అయిపోయాక కూడా తీరిగ్గా ఎక్కువ తక్కువ చేసుకోవచ్చు. ఆ రోజుల్లో ఎక్కువమంది కొనేది మోనో రికార్డే కాబట్టి దానికీ పనికొస్తుంది.

వచ్చిన చిక్కల్లా ఎల్‌పీ రికార్డుతో. స్టీరియో ఎల్‌పీ 1958లో బజారులోకి వచ్చింది. దాని గాడికి రెండు గోడలు, ఒక్కొక్కటి 45 డిగ్రీల వాలు. ఒక గోడ మీద ఎడమ చానెల్, ఇంకో గోడ మీద కుడి. మూడో గోడ ఎక్కడ తెస్తారు? మధ్య ట్రాకుని సగం అటూ సగం ఇటూ కలిపేశారు. మన ఇళ్ళల్లో స్పీకర్లు రెండు అయ్యింది అందుకే. సంగీతం రెండు చాలంది అని కాదు, గాడికున్న గోడలు రెండు అని. తర్వాత క్యాసెట్టు, ఎఫ్ఎమ్, సీడీ అన్నీ ఆ లెక్కనే పట్టుకున్నాయి. సీడీకి గాడీ లేదు, గోడా లేదు, అయినా అలవాటు పోలేదు.

మెర్క్యురీ కంపెనీ కథ కూడా దాదాపు ఇదే. బాబ్ ఫైన్ అనే ఇంజనీరు 1951లో చికాగోలో కుబెలిక్ కండక్ట్ చేసిన 'పిక్చర్స్ ఎట్ యాన్ ఎగ్జిబిషన్'ని ఆర్కెస్ట్రా పైన వేలాడదీసిన ఒకే ఒక్క మైకుతో రికార్డు చేశాడు. స్టీరియో వచ్చాక మూడు మైకులు, అంతకుమించి ఒక్కటి పెట్టలేదు. 1960ల మొదట్లో టేపు వదిలి, సినిమావాళ్ళు వాడే 35 మిల్లీమీటర్ల అయస్కాంతపు ఫిల్ము మీద కూడా రికార్డు చేశారు. ఆయన భార్య విల్మా కొజార్ట్ ఫైన్ ఆ కంపెనీలో నిర్మాత. 1990ల్లో ఆ పాత టేపుల్ని సీడీలుగా తెచ్చేటప్పుడు ఆవిడే వచ్చి కూర్చుని, మూడు ట్రాకుల్ని రెండుగా కలిపే పని స్వయంగా చేశారు. రికార్డింగ్ రోజున హాల్లో ఉన్న మనిషి, ముప్ఫై ఏళ్ళ తర్వాత అదే టేపు ముందు కూర్చోవడం. ఆ సీడీలు అంత బాగుండటానికి అదే కారణమని నా నమ్మకం.

ఇక 1970లు. ఈసారి నాలుగు చానెళ్ళ పిచ్చి పట్టింది కంపెనీలకి. క్వాడ్రఫోనిక్ అన్నారు. ముందు రెండు స్పీకర్లు, వెనక రెండు. మళ్ళీ అదే గాడి, అవే రెండు గోడలు. సీబీఎస్ వాళ్ళది ఎస్‌క్యూ, సాన్సుయి వాళ్ళది క్యూఎస్. ఈ రెండూ నాలుగింటిని రెండులో కుక్కి, ఇంట్లో మళ్ళీ విడదీస్తామనేవి. విడదీస్తే సగం సగమే విడేవి. జేవీసీ వాళ్ళ సీడీ-4 నిజంగానే నాలుగూ విడిగా ఇచ్చేది, కాని గాడిలో మన చెవికి అందనంత పై స్థాయి ధ్వని మీద ముందు, వెనక చానెళ్ళ మధ్య తేడాని ఎక్కించేవారు. దాన్ని చదవడానికి ప్రత్యేకమైన ముల్లు కావాలి, నాలుగుసార్లు మామూలు ముల్లుతో వేస్తే ఆ సమాచారం అరిగిపోయేది. మూడు పద్ధతులు, ఒకదాని డిస్కు ఇంకోదానికి పూర్తిగా పనికిరాదు. జనం విసిగిపోయారు. దశాబ్దం అయ్యేలోపల అంతా చల్లబడింది.

ఇందులో నాకు బాగా నచ్చే మనుషులు ఫిలిప్స్ వాళ్ళు. హాలండ్ కంపెనీ. వాళ్ళు కూడా నాలుగు ట్రాకుల్లో రికార్డు చేశారు. నెవిల్ మారినర్, కాలిన్ డేవిస్, వయొలిన్ గ్రూమియో, ఇ మూసిచి బృందం, ఇలా వాళ్ళ పెద్ద పేర్లన్నీ. వెనక ట్రాకుల్లో వాద్యాలు పెట్టలేదు, హాలు గోడల నుంచి తిరిగొచ్చే శబ్దం పట్టుకున్నారు. తీరా అమ్మేటప్పుడు మాత్రం, ఎల్‌పీలో నాలుగు చానెళ్ళు మాకు నచ్చినంత బాగా రావట్లేదు అని, మామూలు స్టీరియోగానే అమ్మారు. నాలుగు ట్రాకుల టేపులు గోదాముకి వెళ్ళాయి. కొన్నవాళ్ళకి తమ రికార్డుకి ఇంకో సగం ఉందని కూడా తెలీదు.

ఇప్పుడు ఎస్ఏసీడీకి వస్తున్నా. 1982లో సోనీ, ఫిలిప్స్ కలిసి సీడీ తెచ్చాయని పోయినసారి చెప్పుకున్నాం. క్షణానికి 44,100 సార్లు శబ్దపు ఎత్తు కొలుస్తారు, ప్రతి కొలతకీ 65,536 మెట్లు. 1999 మేలో అవే రెండు కంపెనీలు సూపర్ ఆడియో సీడీ తెచ్చాయి. సీడీ పేటెంట్ల గడువు దగ్గరపడుతోంది, రాయల్టీ ఆగిపోతుంది, అందుకే కొత్తది తెచ్చారని అప్పట్లో చాలామంది అనుకున్నారు. అందులో నిజం ఉండే ఉంటుంది, వ్యాపారం కదా. సోనీ మొదటి ప్లేయర్ ఎస్‌సీడీ-1 అమెరికాలో 5,000 డాలర్లు.

దీని పద్ధతి వేరు. కొలబద్ద పెట్టి ఎత్తు కొలవరు. క్షణానికి 28,22,400 సార్లు ఒకే ప్రశ్న వేస్తారు: పైకా, కిందికా? జవాబు ఒక్క బిట్టు. కొలబద్ద ఒక్క మెట్టుదే కాబట్టి రొద బాగా వస్తుంది. దాన్ని మన చెవికి వినపడని పై స్థాయిలోకి తోసేస్తారు. డిస్కు కట్టడం అయితే నిజంగా ముచ్చటైనది. ఒకే డిస్కులో రెండు పొరలు. అడుగున, 1.2 మిల్లీమీటర్ల లోతులో మామూలు సీడీ పొర. మధ్యలో, 0.6 మిల్లీమీటర్ల దగ్గర ఎస్ఏసీడీ పొర. ఈ మధ్య పొర, మామూలు సీడీ ప్లేయర్ లేజరుకి పారదర్శకంగా ఉంటుంది, దాటిపోయి కింది పొరని చదువుకుంటుంది. కొత్త ప్లేయర్లో ఉన్న ఎర్ర లేజరుకి అదే పొర అద్దంలా మెరుస్తుంది. పాత ప్లేయర్ ఉన్నవాడూ కొనొచ్చు, కొత్తది ఉన్నవాడూ కొనొచ్చు. ఈ రెండు పొరల ఏర్పాటే దాన్ని బతికించిందని నేననుకుంటాను. పోటీగా 2000లో వచ్చిన డీవీడీ-ఆడియోకి ఈ సదుపాయం లేదు, మెనూ చూడ్డానికి టీవీ కూడా వేసుకోవాల్సొచ్చేది, కొన్నేళ్ళలో పోయింది.

ఎస్ఏసీడీ పాప్ సంగీతంలో నిలవలేదు. సరిగ్గా అదే టైములో జనం ఎమ్‌పీ3 వైపు వెళ్ళారు, చెవికి బాగుండటం కన్నా జేబులో పట్టడం ముఖ్యమైంది. నిలిచింది క్లాసికల్ వాళ్ళ దగ్గర. ఫిలిప్స్ తన పాలిగ్రామ్ సంగీత సంస్థని 1998లో అమ్మేసుకుంది. అప్పుడు హాలండ్‌లో బార్న్ అనే ఊళ్ళో ఉన్న రికార్డింగ్ విభాగం ఇంజనీర్లు దాన్ని తామే కొనుక్కుని పాలిహిమ్నియా అని పేరు పెట్టుకున్నారు. 2001లో పాత ఫిలిప్స్ క్లాసిక్స్ వాళ్ళే కొందరు పెంటాటోన్ అనే లేబుల్ పెట్టారు. వాళ్ళు మొదట చేసిన పనుల్లో ఒకటి ఏమిటో ఊహించండి. గోదాములోంచి ఆ నాలుగు ట్రాకుల టేపులు తీసి, ఎస్ఏసీడీల మీద, నాలుగు చానెళ్ళూ ఉన్నవున్నట్టు విడుదల చేయడం. ముప్ఫై ఏళ్ళ తర్వాత. తర్వాత డాయిష్ గ్రామోఫోన్ వాళ్ళ 1970ల నాలుగు ట్రాకుల టేపులు కూడా వాళ్ళే తెచ్చారు. బెర్న్‌స్టీన్ 'కార్మెన్', బోస్టన్‌లో కుబెలిక్ చేసిన స్మెతానా 'మా వ్లాస్త్' అలా వచ్చినవే.

ఆర్‌సీఏ మూడు ట్రాకులకి 2004లో మోక్షం వచ్చింది. బోస్టన్‌లో సౌండ్‌మిర్రర్ అనే స్టూడియో అసలు టేపుల నుంచి ట్రాన్స్‌ఫర్ చేసింది. మూడు ట్రాకులుంటే మూడే ఇచ్చారు, రెండే ఉన్న 'జరతుస్త్ర' లాంటివాటిని రెండుగానే ఉంచారు. ఐదు స్పీకర్లున్నాయి కదా అని వెనక నుంచి దొంగ శబ్దాలు సృష్టించలేదు. ఆ నిగ్రహం నాకు ఎంతో నచ్చింది. 1958లో మాస్కో పోటీ గెలిచొచ్చిన వ్యాన్ క్లైబర్న్ అదే ఏడాది రికార్డు చేసిన చైకోవ్‌స్కీ పియానో కన్సర్టో కూడా ఈ వరసలో ఉంది. లక్షల మంది ఇళ్ళల్లో ఆ ఎల్‌పీ ఉండేది. అందులో పియానో తన సొంత ట్రాకులో ఎలా ఉందో వాళ్ళెవరూ వినలేదు.

ఇప్పుడు కాస్త చేదు నిజం. హై రిజల్యూషన్ అనే మాట మీద నేను కూడా చాలా డబ్బు పెట్టాను కాబట్టి చెప్పే హక్కు నాకుంది. 2007లో మేయర్, మోరాన్ అనే ఇద్దరు అమెరికన్లు ఒక పరీక్ష చేసి ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో రాశారు. ఎస్ఏసీడీ శబ్దాన్ని నేరుగా ఒకసారి, సీడీ స్థాయికి దించే పెట్టె గుండా పంపి ఒకసారి, ఏది ఏదో చెప్పకుండా వినిపించారు. 554 ప్రయత్నాల్లో 276 సరైన జవాబులు. అంటే బొమ్మా బొరుసూ వేసినట్టే. వాళ్ళు వాడిన డిస్కుల్లో కొన్ని అసలు హై రిజల్యూషన్‌లో రికార్డయినవి కావని తర్వాత కొందరు తప్పు పట్టారు. 2016లో లండన్ క్వీన్ మేరీ యూనివర్సిటీలో జోషువా రైస్ ఇలాంటి 18 ప్రయోగాల్ని కలిపి లెక్క కట్టాడు. 12,500కి పైగా ప్రయత్నాలు, సరైన జవాబులు 52.3 శాతం. తేడా ఉంది, కాని ఆ 2.3 కోసం ఇల్లు తాకట్టు పెట్టక్కర్లేదు.

నేనూ కూర్చున్నానండి. మా స్నేహితుడు పొరలు మారుస్తూ ఉంటే, నేను గోడవైపు చూస్తూ, స్టీరియోలోనే, 20 సార్లు చెప్పాను. 11 సరిపోయాయి. ఆ రాత్రి అన్నం సరిగా సయించలేదు. కాని వాళ్ళిద్దరి వ్యాసంలో ఇంకో మాట ఉంది, చాలామంది చదవకుండా వదిలేస్తారు. ఎస్ఏసీడీ, డీవీడీ-ఆడియో రికార్డింగులు దాదాపు అన్నీ మామూలు సీడీలకన్నా బాగున్నాయని వాళ్ళే ఒప్పుకున్నారు. కారణం బిట్లు కాదు, శ్రద్ధ. కొనేవాడు కొద్దిమందే, వాడు చెవులు రిక్కించి వింటాడు అని తెలిసిన ఇంజనీరు కంప్రెషన్‌తో శబ్దాన్ని చితక్కొట్టడు. స్వీడన్ బీఐఎస్ కంపెనీ సంగతే చూడండి. మొదటి ఏళ్ళలో వాళ్ళు చాలా ఎస్ఏసీడీలని 24 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేసినవాటి నుంచే తయారుచేశారు, ఆ సంగతి దాచుకోలేదు. అంకెల మనుషులకి కోపం వచ్చింది. నాకు మాత్రం నా బీరువాలో ఉన్నవాటిలో మళ్ళీ మళ్ళీ తీసేవి అవే.

శ్రద్ధ అనేది ఎంత అవసరమో చెప్పడానికి ఇంకొక్క ఉదాహరణ. వాగ్నర్ 'రింగ్'. నాలుగు ఒపెరాలు, సుమారు 15 గంటలు. డెక్కా కంపెనీ తరఫున జాన్ కుల్షా నిర్మాత, సోల్తీ కండక్టర్, వియన్నా ఫిల్హార్మోనిక్. 1958 నుంచి 1965 దాకా వియన్నాలో సోఫియెన్‌సాల్ అనే హాల్లో చేశారు. స్టూడియో రికార్డింగ్‌గా పూర్తయిన మొదటి 'రింగ్' అది. 2012లో దాన్ని బ్లూరే ఆడియో మీద తెచ్చారు, ఒకే డిస్కులో మొత్తం! సంబరపడి కొన్నవాళ్ళు చిన్న పుస్తకం చూస్తే, అది 1997లో చేసిన 24 బిట్ల, 48 కిలోహెర్ట్జ్ ట్రాన్స్‌ఫర్. అసలు టేపులు వాడలేనంత పాడయ్యాయి అన్నారు. ఇక అంతే అనుకున్నాం అందరం. 2001లో సోఫియెన్‌సాల్ తగలబడిపోయింది. వాయించినవాళ్ళలో, పాడినవాళ్ళలో చాలామంది పోయారు. టేపు కూడా పోతే ఇక మిగిలేది నకళ్ళే.

పదేళ్ళ తర్వాత, 2022లో, డెక్కా వాళ్ళే అవే అసలు టేపుల నుంచి కొత్తగా 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్‌లో ట్రాన్స్‌ఫర్ చేసి ఎస్ఏసీడీలుగా తెచ్చారు. టేపుల్ని పొయ్యిలో పెట్టారండి! తమాషా కాదు, నిజంగానే 55 డిగ్రీల సన్నని వేడిలో గంటల తరబడి ఉంచారు. టేపు మీది ఆక్సైడ్ పొర ఊడిపోకుండా మళ్ళీ పట్టుకోవడానికి. పోయాయనుకున్న టేపులు ఇంకోసారి పలికాయి. మరి 2012లో ఎందుకు కుదరలేదు? ఎవరైనా అడిగి, కూర్చుని, ఖర్చు పెడితే కుదిరేదేమో. డిస్కు కొనేవాళ్ళు ఇంకా ఉన్నారన్న లెక్కే ఆ ఖర్చుకి కారణం అయ్యుంటుంది. నేను డిస్కులు కొనడం మానకపోవడానికి అదొక సాకు, మా ఆవిడ దగ్గర కూడా అదే చెప్తాను.

కొనడం కూడా తేలిక కాదు ఇప్పుడు. ఆర్‌సీఏ మూడు ట్రాకుల డిస్కులు ఒకప్పుడు మామూలు సీడీ ధరకే వచ్చేవి, ఇప్పుడు చాలావరకు పాతవి వెతుక్కోవడమే. అన్ని రకాల డిస్కులూ వేసే ప్లేయర్లు చేసిన ఒప్పో 2018లో ఆ పని ఆపేసింది. ప్లేస్టేషన్ 3 గేమ్ యంత్రాల్లో మొదట వచ్చిన మోడళ్ళు ఎస్ఏసీడీ వేస్తాయి, తర్వాతి సన్న మోడళ్ళు వెయ్యవు. అందుకని ఆటలంటే ఇష్టం లేని పెద్దవాళ్ళు కూడా బరువైన పాత గేమ్ పెట్టెలు వెతుక్కుంటూ తిరిగారు ఒకప్పుడు. జపాన్‌లో మాత్రం ఈ డిస్కుకి ఇంకా మర్యాద ఉంది. అమెరికాలో 2006లో మూతపడిన టవర్ రికార్డ్స్, జపాన్‌లో ఇంకా నడుస్తోంది, పాత యూరప్ రికార్డింగులని తన పేరు మీద ఎస్ఏసీడీలుగా తెప్పిస్తోంది. బీఐఎస్‌ని 2023లో యాపిల్ కొనేసింది. పెంటాటోన్ 2022లో శాన్‌ఫ్రాన్సిస్కో సంగీత కళాశాల చేతికి వెళ్ళింది.

నా ప్లేయర్ పోయిన వర్షాకాలంలో ఎస్ఏసీడీ పొర చదవడం మానేసింది. సీడీ పొర చదువుతోంది, మధ్య పొర దగ్గరికొచ్చేసరికి 'డిస్క్ లేదు' అంటుంది. బాగుచేసే అబ్బాయి విప్పి చూసి, "సార్, ఎర్ర లేజరు నీరసపడింది, ఈ పికప్ ఇప్పుడు దొరకదు, తుడిచి చూస్తా" అన్నాడు. తుడిచాడు. ఎనిమిదింటికి ఆరు డిస్కులు వేస్తోంది. ఆ ఆరింటిలో బార్తోక్ ఉంది. ఒక్క ఆదివారం పూటకని తెచ్చిన మధ్య స్పీకరు మా హాల్లోనే ఉంది ఇంకా. మా బావమరిది రెండుసార్లు ఫోన్ చేశాడు, సంక్రాంతికి వచ్చినప్పుడు ఇస్తానన్నాను.

వచ్చే ఎపిసోడ్‌లో ఆ టేపు గురించే, అంటే ప్లాస్టిక్ మీద తుప్పు రాసి దాని మీద పాట నిలబెట్టిన జర్మన్ల గురించి చెప్తాను. ఉంటానండి, నమస్కారం.